మూల మడిచిన పేజీ

పుస్తకంలో పేజీ మూల మడిచేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మంటకే గ్రంథాలయం వాళ్ళు నాకు జీతం ఇస్తున్నారు. చిరిగిన పుస్తకాలన్నీ చివరికి నా బల్ల మీదికే వస్తాయి. అట్ట ఊడదీస్తాను, పాత దారం కోస్తాను, మడతపడ్డ మూలలను తడిగుడ్డతో అద్ది చెక్కతో నొక్కి సాపు చేస్తాను, మళ్ళీ కుట్టి కొత్త అట్ట వేస్తాను. మడత మడతకూ దాన్ని మడిచినవాణ్ణి మనసులో ఒక తిట్టు తిడతాను. మనసులో అని మాటవరసకు అంటున్నాను గానీ పైకే తిడతాను. అందుకే నాకు వేరే గది ఇచ్చారు.

ఆ ఏడాది గాలివానలు మమ్మల్ని వదలకుండా పట్టుకున్నాయి. ఒకటి పోయింది కదా అని కిటికీ తలుపు తీసేలోపు ఇంకొకటి బయలుదేరిందని రేడియో చెప్పేది. గ్రంథాలయంలో నా గది కింది అంతస్తులో ఉంది. అందులోకి నీళ్ళు రావడంతో పుస్తకాలూ, దారాలూ, జిగురు డబ్బా అన్నీ మూటగట్టి నాతో ఇంటికి పంపేశారు. మా ముందుగదిలో భోజనాల బల్ల నా పనిబల్ల అయింది. బల్లకు అటువైపు కిటికీ, కిటికీ పక్కన కుర్చీ, కుర్చీలో మా అమ్మ. మోకాళ్ళు పట్టేసి ఆమె నడవలేదు గానీ, కూర్చున్నచోటి నుంచే ఇల్లంతా తిరిగి వస్తుంది. వంటింట్లో గిన్నె చప్పుడు వింటే చాలు, నేను ఏం మాడబెట్టానో చెప్పేస్తుంది.

ఇంట్లో మూడో మనిషి మా తమ్ముడు. కరెంటు ఆఫీసులో లైన్‌మన్. గాలి లేస్తే ఊరంతా ఇళ్ళలోకి పరిగెడుతుంది, వాడు మాత్రం కోటు తగిలించుకుని బయటికి పోతాడు. పెళ్ళి మాట ఎత్తితే "స్తంభం పిలుస్తోందమ్మా" అని నవ్వి లేచిపోతాడు. వాడు వెళ్ళిన దగ్గర్నుంచి తిరిగొచ్చేదాకా అమ్మకు ముద్ద దిగదు, నాకు సూదిలో దారం ఎక్కదు. వాడు క్షేమంగా ఇంటికి రావాలి. ఆ కాలమంతా మాకున్న కోరిక అదొక్కటే.

ఆ రోజుల్లో మమ్మల్ని నిలబెట్టినవి హత్యల నవలలు. హత్యలనగానే భయపడకండి, అవి చాలా మర్యాదైన హత్యలు. ఒక చిన్న ఊళ్ళో గడియారాలు బాగుచేసే ముసలావిడ ఉంటుంది. మొదటి అధ్యాయంలో ఎవరికీ ఇష్టం లేని డబ్బున్నవాడొకడు కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోతాడు. నెత్తురు చుక్క కనపడదు. ఆ తర్వాత అందరూ టీలు తాగుతూ ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకుంటారు. చివర్లో ముసలావిడ అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, గోడ గడియారం ఎందుకు ఆగిపోయిందో చెప్పి, హంతకుణ్ణి చూపిస్తుంది. గ్రంథాలయంలో ఆ వరస పుస్తకాలు ఒక అలమర నిండా ఉన్నాయి, అన్నీ చిరిగినవే. కుట్టడానికి ముందు నేను పైకి చదివేదాన్ని, వాళ్ళిద్దరూ వినేవాళ్ళు.

"ఈ కథల్లో నాకేం నచ్చుతుందో తెలుసా? చచ్చినవాడి కోసం ఎవ్వరూ ఏడవరు. హాయిగా వినొచ్చు," అనేది అమ్మ.

పుస్తకాలు ఇంటికొచ్చాక మొదటి గాలివాన వచ్చిన రోజు మధ్యాహ్నం కథ చివరికొచ్చింది. ముసలావిడ అందరినీ గదిలోకి పిలుస్తోంది. సరిగ్గా అప్పుడే వీధిలో జీపు హారన్ మోగింది. తమ్ముడు వెళ్ళాలి.

"నేనొచ్చేదాకా ముగించకండి," అన్నాడు కోటు వేసుకుంటూ.

"నువ్వెప్పుడొస్తావో ఏంటో. అంతవరకు నా ప్రాణం ఉగ్గబట్టుకుని కూర్చోమంటావా," అంది అమ్మ.

వాడు గుమ్మం దగ్గర ఆగి ఆలోచించాడు. "అక్కా, ఎలాగూ కుట్టు విప్పేదే కదా. చివరి ఫారం నాకిచ్చెయ్. నా జేబులో ఉంటే మీరు చదవలేరు."

పదహారు పేజీలు కలిపి మడిచిన కట్టను మా పనిలో ఫారం అంటారు. అలాంటి ఫారాలు ఒకదాని మీద ఒకటి పెట్టి కుడితే పుస్తకం. నీ దుంపతెగ, గ్రంథాలయం పుస్తకం వానలోకి తీసుకుపోతావా అని తిట్టాను. తిడుతూనే దారం కోసి, చివరి ఫారం వేరుచేసి, ప్లాస్టిక్ కవరులో చుట్టి ఇచ్చాను. వాడు దాన్ని కోటు లోపలి జేబులో పెట్టుకుని వెళ్ళాడు. మర్నాడు తడిసి ముద్దై వచ్చి, తల కూడా తుడుచుకోకుండా కవరు విప్పాడు. ముగ్గురం కలిసి చివరి పేజీ దాకా చదివాం. అమ్మ అనుమానించిన డాక్టరే హంతకుడు. ఆ పూట ఆమె రెండు కప్పుల టీ తాగింది.

అప్పట్నుంచి అదే మా ఇంటి పద్ధతి అయిపోయింది. వాడు డ్యూటీకి వెళ్తున్నాడంటే చదువుతున్న కథ ముగింపు వాడి జేబులోకి వెళ్ళాలి. బయటికెళ్ళిన మనిషి లేకుండా ఇంట్లో కథ ముగియకూడదు. "ముగింపు వాడి దగ్గరుంది కదా, ఇవ్వడానికైనా రావాలి," అనేది అమ్మ, కిటికీలోంచి చూస్తూ. నవ్వుతూ అన్నట్టే ఉండేది. నేనూ నవ్వేదాన్ని. లోపల మాత్రం ఇద్దరం నమ్మడం మొదలుపెట్టాం.

ఆ జీపు డ్రైవర్ గురించి కూడా చెప్పాలి. మంచి ఒడ్డూ పొడుగూ మనిషి, తమ్ముడికి అన్నయ్య వరస, నాకంటే చిన్నవాడు. మా వీధి మలుపు దగ్గర హారన్ మీద చెయ్యి వేశాడంటే గుమ్మం ముందుకొచ్చేదాకా తీసేవాడు కాదు. నా చెవుల్లో జోరీగ. "చెవుడు వస్తే నీ ఇంటికొచ్చి కూర్చుంటా, జాగ్రత్త," అని కిటికీలోంచి అరిచేదాన్ని. "రా అక్కా, మా ఆవిడ టీ బాగా పెడుతుంది," అని వాడు తిరిగి అరిచేవాడు.

ఒకసారి తమ్ముడు తయారయ్యేలోపు లోపలికొచ్చి కూర్చున్నాడు. బల్ల మీది పుస్తకం తీసి నాలుగు పేజీలు చదివాడు. లేచేటప్పుడు, నా కళ్ళ ముందే, పేజీ పైమూలను పెద్దగా, అరచెయ్యి పట్టేంత మడతగా మడిచి పెట్టాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పేజీ మూల మడిచేవాళ్ళకు మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ఇవ్వమని చెప్పాను. ఇంకా చాలా చెప్పాను.

వాడు నొచ్చుకోలేదు. "తిట్టకక్కా. మడిస్తే నేనెక్కడ ఆగానో పుస్తకానికి గుర్తుంటుంది. నేను మర్చిపోయినా అది మర్చిపోదు," అన్నాడు.

"దానికి గుర్తుంటుంది, నాకు పని ఉంటుంది," అన్నాను. అమ్మ పడీ పడీ నవ్వింది.

ఆ సీజన్‌లో అన్నిటికంటే పెద్ద గాలివాన వచ్చిన రోజు, బల్ల మీద రెండు పుస్తకాలు ఉన్నాయి. ఒకటి మేం చదువుతున్నది, రెండోది దాని తర్వాత చదవాల్సింది. రెండింటికీ అట్టలు ఊడదీసేశాను. ఒకే సైజు, ఒకే కాగితం, ఒకే అచ్చు. ఉదయం నుంచే చీకటి కమ్మింది. కరెంటు పోయింది. కిటికీకి ఇంచు దూరంలో పుస్తకం పట్టుకుని చదువుతున్నాను. నదికి అవతలి ఒడ్డున పెద్ద లైను తెగిందని కబురొచ్చింది. ఈసారి హారన్ ఒక్కసారే, పొట్టిగా మోగింది.

"వెళ్ళకపోతే ఏమవుతుందిరా," అంది అమ్మ. ఆ మాట ఆమె అంతకుముందెప్పుడూ అనలేదు.

"ఆస్పత్రికి కరెంటు లేదటమ్మా," అన్నాడు వాడు.

ఇంకేం అంటాం. నేను గబగబా దారం కోసి, చివరి ఫారం చుట్టి ఇచ్చాను. వాడు కోటు వేసుకున్నాడు. ఆ కోట్లు ఆఫీసువి, వీపు మీద పెద్ద అంకెల్లో ఎవరి నంబరు వాళ్ళకు ఉంటుంది. గుమ్మం దాటుతూ "వంటమనిషే చంపింది, చూస్తుండండి," అని వెళ్ళిపోయాడు. వాన తెరలో ఆ నంబరు కాసేపు కనిపించి మాయమైంది.

మర్నాడు బల్ల సర్దుతున్నాను. చదువుతున్న పుస్తకం ఫారాలు లెక్క సరిచూసుకుంటే ఒకటి కూడా తగ్గలేదు. చివరిది నా చేతిలోనే ఉంది. వంటమనిషి, డాక్టరు, మేనల్లుడు అందరూ అందులోనే ఉన్నారు. నేను తమ్ముడికి ఇచ్చింది రెండో పుస్తకం ముగింపు. ఎన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, ఫారం తారుమారు చేసిన పాపాన పోలేదు. ముగింపు వాడి దగ్గర లేదు. ఇక్కడే ఉంది, మా ఇంట్లో.

"ఏంటే అది?" అంది అమ్మ.

"పాత కాగితాలు."

"పాత కాగితాలకు ముఖం అలా పాలిపోతుందా?"

"కరెంటు లేదు కదా, అందరి ముఖాలూ అలాగే ఉన్నాయి," అని ఆ ఫారాన్ని బట్టల కింద దాచేశాను. వట్టి కాగితాలు, ప్రాణాలు వాటిలో ఉండవని నాకు తెలుసు. తెలిసినా ఆ బట్టల మీద ఇంకో దుప్పటి కప్పాను.

ఫోన్లు మూగబోయాయి. వంతెన మీదుగా నీళ్ళు పోతున్నాయని వీధిలో అనుకున్నారు. ఆ రోజు గడిచింది. ఆ మర్నాడు వాన కాస్త తెరిపి ఇచ్చాక, తమ్ముడి ఆఫీసు ఫోర్‌మన్ మా గుమ్మంలోకి వచ్చాడు. చెప్పులు విప్పి, గొడుగు ముడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ ముడిచాడు. అలా చేసేవాడు మంచి వార్త తేడని నాకు అప్పుడే అర్థమైంది.

"కూర్చోమ్మా," అన్నాడు నాతో, నా ఇంట్లోనే.

అవతలి ఒడ్డున కాలవకు గండి పడిందట. జీపు కొట్టుకుపోయింది. పడవవాళ్ళకు ఒక మనిషి దొరికాడు, ప్రాణం లేదు. వాళ్ళకు మావాళ్ళెవరో తెలియదు. కోటు మీది నంబరు చూసి ఆఫీసుకు కబురు పెట్టారు. శవం అవతలి ఆస్పత్రిలో ఉంది, వంతెన తెరిచేదాకా వెళ్ళడానికి లేదు. వెళ్ళింది ఇద్దరు. రెండోవాడు బడిలో పెట్టిన శిబిరంలో క్షేమంగా ఉన్నాడని పోలీసు వైర్‌లెస్‌లో చెప్పారు. పేరు గరగరలో వినపడలేదు. పేరుతో పనేముంది, కోటు నంబరు తమ్ముడిది కాబట్టి బతికినవాడు డ్రైవర్.

"డ్రైవర్ వాళ్ళావిడకు చెప్పే ఇటు వస్తున్నా," అని చెప్పి, ఫోర్‌మన్ సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. "ఇది కోటు జేబులో ఉందంట. పోలీసుల పడవలో ఇటు పంపారు. వాడి వస్తువేనా అమ్మా?"

నేను చుట్టిన కవరు. నేను కట్టిన దారం, మీద ఇంకెవరో వేసిన వదులు ముడి. తల ఊపాను. ఆయన రేపు వంతెన తెరుస్తారని, బండి పంపిస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

నేను గోడకు ఆనుకుని అలాగే జారి కూర్చున్నాను. తప్పుడు ముగింపు ఇచ్చాను. ఆ మాటే తల నిండా తిరుగుతోంది. అమ్మ ఏడవలేదు. చెయ్యి చాచింది. "ఆ కాగితాలు ఇటివ్వు."

"ఎందుకమ్మా ఇప్పుడు."

"ఇవ్వమన్నానా."

ఇచ్చాను. ఆమె కవరు విప్పి, కళ్ళజోడు సర్దుకుని, మొదటి పేజీ చూసింది. లోపల తడవలేదు. నేను కట్టుదిట్టంగానే చుట్టాను.

"ఇది మన కథ కాదే," అంది.

అప్పుడు చెప్పేశాను. తారుమారైందని, నిన్ననే చూశానని, భయపడి దాచానని, నా చేతులు విరిగిపోవాలని. అమ్మ నా ఏడుపు వినడం లేదు. ఒక్కొక్క పేజీ తిప్పుతోంది. సగం దాటాక ఆమె చెయ్యి ఆగింది. "ఇలా రా," అంది.

పేజీ పైమూల మడిచి ఉంది. పెద్దగా, అరచెయ్యి పట్టేంత.

"నీ తమ్ముడు పుట్టాక ఒక్క పేజీ మూల మడిచాడా?"

మడవలేదు. నా నోటికి భయపడి వాడు బస్సు టికెట్టు కూడా మడవడు.

"మొదటి లైను చదవగానే ఇది వేరే పుస్తకమని వాడికి తెలిసిపోతుంది. సగం దాకా ఎందుకు చదువుతాడు? కథ తెలియనివాడు ఎవరో చదివారు." అమ్మ గొంతు చిన్నగా, తొందరగా వస్తోంది, మూడో అధ్యాయంలోనే హంతకుణ్ణి పట్టేసినప్పుడు వచ్చేలాగా. "వాడు స్తంభం ఎక్కేటప్పుడు కోటు వేసుకోడు. నడుం బెల్టుకు అడ్డమొస్తుందని విప్పేస్తాడు. కిందున్నవాళ్ళకు ఇస్తాడు. కింద ఎవరున్నారు?"

తమ్ముడు బతికే ఉన్నాడు. బడిలో ఉన్నవాడు వాడే. నిజం చెబుతున్నాను, నా నెత్తిన పాలు పోసినట్టయింది. అమ్మ చేతులు పట్టుకుని "అమ్మా, అమ్మా" అంటున్నాను. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. ఇద్దరం నవ్వబోయాం.

నవ్వు పెదాల దాకా వచ్చి ఆగింది. ఆ మడత ఎవరిదో ఇద్దరికీ తెలుసు. ఆ మడతకే మంచినీళ్ళు ఇవ్వనని నేను తిట్టాను.

అమ్మ ఆ ఫారాన్ని మెల్లగా ఒళ్ళో పెట్టుకుంది. "ఫోర్‌మన్‌ను పిలువు," అంది. నేను గుమ్మం దాకా వెళ్ళాను. ఆయన గొడుగు ఇంకా వీధి చివర కనిపిస్తూనే ఉంది. ఏమని చెప్పాలి? పేజీ మూల మడిచి ఉంది కాబట్టి మావాడు బతికాడు, డ్రైవర్ పోయాడనా? ఒకవేళ మా ఆశే మాతో ఇలా చెప్పిస్తోందేమో. నేను పిలవలేదు. గొడుగు మలుపు తిరిగిపోయింది.

తలుపు వేయబోతుండగా ఒకావిడ మోకాలిలోతు నీళ్ళలో చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మా ఇంటివైపే వస్తోంది. చేతిలో ఫ్లాస్కు. డ్రైవర్ భార్య.

లోపలికొస్తూనే నన్ను కావలించుకుంది. "వదినా, ఎంత పనైపోయింది వదినా," అని ఏడ్చింది. తర్వాత అమ్మ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని ఆమె చేతులు పట్టుకుంది. "అత్తయ్యా, మీరేం తినుండరని టీ తెచ్చాను. కొంచెం తాగండి. మా ఆయన రాగానే ఇక్కడికే తీసుకొస్తా. ఆఖరుదాకా పక్కనే ఉండుంటారు. ఏం జరిగిందో ఆయన్నే అడుగుదాం. మీ అబ్బాయిని సొంత తమ్ముడి కంటే ఎక్కువగా చూసుకునేవారు."

అమ్మ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. ఆవిడ మాకోసం టీ వంచుతోంది. తన మొగుడు బతికినందుకు సిగ్గుపడుతూ, ఆ సంతోషం పైకి కనపడకుండా దాచుకుంటూ, మా ముందు మెల్లగా మాట్లాడుతోంది. మేము కూడా దాస్తున్నాం. ముగ్గురి కప్పుల్లోనూ టీ చల్లారిపోయింది.

"ఇవేనా అత్తయ్యా, ఆ జేబులో దొరికిన కాగితాలు?" అంటూ అమ్మ ఒళ్ళోంచి ఫారం అందుకుంది. అమ్మ వేళ్ళు బిగుసుకున్నాయి గానీ ఆపలేకపోయింది. ఆవిడ పేజీలు తిప్పింది. మడత దగ్గరికొచ్చింది. తడికళ్ళతోనే చిన్నగా నవ్వింది.

"మా ఆయన కూడా అచ్చం ఇలాగే మడుస్తారు. కరెంటు బిల్లయినా సరే, పెద్ద..."

ఆ మాట అక్కడే ఆగిపోయింది. ఆవిడ తల ఎత్తి ముందు నన్ను చూసింది, తర్వాత అమ్మను. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

"వదినా," అంది. "మీరెందుకు అలా ఉన్నారు?"

నేను నోరు తెరిచాను. ఏం చెప్పేదాన్నో ఇప్పటికీ నాకు తెలియదు, ఎందుకంటే అప్పుడే గుమ్మంలో నీళ్ళ చప్పుడైంది. తమ్ముడు. కోటు లేదు, కాళ్ళకు బూట్లు లేవు, పెదాలు నీలంగా ఉన్నాయి. నడిచేవాళ్ళ కోసం వంతెన ఒకవైపు తెరిచారట.

అందరికంటే ముందు లేచింది ఆవిడే. "అయ్యో, బతికున్నావా నాయనా," అని రెండు చేతులూ చాచి వాడి దగ్గరికి పరిగెత్తింది. వాడి ముఖం తడిమింది, భుజాలు తడిమింది. ఆ తడుముతున్న చేతులు అలా ఉండగానే వాడి భుజం మీదుగా గుమ్మం బయటికి చూసింది. వీధిలోకి చూసింది. ఎవరూ లేరు.

"వదినా," అన్నాడు వాడు. గుమ్మంలోనే కూలబడ్డాడు.

ఆ తర్వాత వాడు చెప్పింది ఇంతే. లైను దగ్గరికి చేరాక జేబులోని కవరు విప్పి చూస్తే అది వేరే కథ. ఇద్దరూ నవ్వుకున్నారట, అక్కను ఏడిపించడానికి ఏడాదికి సరిపడా దొరికిందని. తమ్ముడు కోటు విప్పి స్తంభం ఎక్కాడు. డ్రైవర్ కోటు పాతది, వాన లోపలికి కారుతుంది, అందుకని తమ్ముడి కోటు వేసుకుని జీపులో కూర్చున్నాడు. "ఊరికే కూర్చోలేను, తల లేకపోతేనేం, తోక చదువుతా," అని ఆ ఫారం తీసి చదువుతున్నాడు. కాలవ నీళ్ళు రోడ్డెక్కాయి. పైనుంచి తమ్ముడు అరిచాడు. డ్రైవర్ పేజీ మూల మడిచి, కాగితాలు కవరులో చుట్టి, జేబులో పెట్టుకుని, జీపును మెరక మీదికి తీయబోయాడు. గండి అప్పుడే పడింది. తమ్ముడు స్తంభం మీదే ఉండి అంతా చూశాడు.

"దూకాల్సింది," అని వాడు చాలా రోజులు అన్నాడు. "దూకితే నువ్వూ ఉండేవాడివి కాదు," అని నేను కోప్పడేదాన్ని. కోప్పడటం తప్ప నాకేం వచ్చు.

గాలివానలు వెళ్ళిపోయాయి. ఎండ వచ్చింది. పుస్తకాలు కుట్టి గ్రంథాలయానికి ఇచ్చేయాలి. ఆ రెండో పుస్తకాన్ని మాత్రం నేను ముట్టుకోలేదు. ఒక సాయంత్రం డ్రైవర్ భార్య వచ్చింది. ఆ నంబరు కోటు ఉతికి, ఇస్త్రీ చేసి తెచ్చింది. వాన కోటును ఇస్త్రీ చేసింది, ఒకచోట చిన్నగా కరిగింది కూడా. దాన్ని అమ్మ ఒళ్ళో పెట్టి, నా బల్ల పక్కన కూర్చుంది. నేను ఆ రోజు నుంచి మోస్తున్న మాట చెప్పేశాను. "నువ్వు రాకముందే మాకు తెలిసింది. మా వాడు బతికాడని సంతోషపడ్డాను. నీకు చెప్పలేకపోయాను."

ఆవిడ బల్ల మీది దారపు ఉండ తీసి వేలికి చుట్టుకుంది. "నేనూ మీ ఇంటికి సంతోషంతోనే వచ్చాను వదినా," అంది చివరికి. "దారంతా దేవుడికి దణ్ణాలు పెట్టుకుంటూ వచ్చాను, మా ఆయన కానందుకు."

తర్వాత ఆవిడే అడిగింది. "ఆయన ఎక్కడిదాకా చదివారో అక్కడిదాకా నాకు చదివి వినిపిస్తారా?"

ఫారం తీసి చదివాను. ముసలావిడ అందరినీ గదిలోకి పిలిచింది. గడియారం ఎందుకు ఆగిందో చెప్పింది. హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడంది. అందరూ బిగుసుకుపోయారు. అప్పుడామె, "ముందు టీ తాగండి, చల్లారిపోతోంది, ఆ తర్వాత చెబుతాను," అని కప్పులు అందించింది. మడత అక్కడ.

"టీ అనగానే ఆపేసుంటారు," అంది ఆవిడ. నవ్వింది, ఆ నవ్వుతోనే ఏడ్చింది. అమ్మ కుర్చీలోంచి ఒంగి ఆవిడ తల మీద చెయ్యి వేసింది. ఎవరూ ఏడవని చావుల కథలు హాయిగా ఉంటాయన్న మా అమ్మ ఆ సాయంత్రం ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చింది.

కాసేపయ్యాక అడిగాను. "మిగతాది చదవనా? కొన్ని పేజీలే ఉన్నాయి."

"వద్దు వదినా. మీ ఇంటి పద్ధతి ఆయన నాకు చెప్పారు. బయటికెళ్ళిన మనిషి రాకుండా ముగించరట కదా."

ఆవిడ వెళ్ళాక ఆ పుస్తకం కుట్టాను. మిగతా పేజీల్లో ఉన్న మడతలన్నీ తడిగుడ్డ అద్ది, చెక్కతో నొక్కి సాపు చేశాను. ఆ ఒక్క మూల జోలికి వెళ్ళలేదు. గ్రంథాలయంలో పుస్తకం పోయిందని చెప్పి, దాని ఖరీదు కట్టేసి మా ఇంట్లో ఉంచుకున్నాను. మూడో అధ్యాయంలోనే హంతకుడెవరో తెలియకపోతే నిద్రపట్టని మా అమ్మ, ఇంతవరకూ ఆ కథలో ఎవరు ఎవరిని చంపారని అడగలేదు. తమ్ముడూ అడగలేదు. నేనూ ఆ మడత దాటి చదవలేదు.